ఇంటితోట సలహాదారులకు శిక్షణ: ముందు ఏమి నేర్పాలి?

పెరటిబాట:
ఇంట్లో మొక్కలు పెంచుకునేవాళ్లకు ఉచితంగా సలహాలిచ్చే స్వచ్ఛంద కార్యకర్తల కొత్త జట్టుకు శిక్షణ మొదలుపెడుతున్నాం. మూడు సందేహాలు. తరగతులు ఎన్ని గంటలు ఉండాలి? ముందు మట్టి గురించి చెప్పాలా, చీడపీడల గురించా? ధ్రువపత్రం చేతికందగానే కనిపించకుండా పోయేవాళ్లను ఎలా నిలుపుకోవాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఎర్రమట్టి:
మూడోదానికే జవాబిస్తాను, నన్ను కాల్చుకుతిన్నది అదే కాబట్టి. పత్రం ముందు ఇవ్వకండి. తరగతులు అయ్యాక ఇన్ని గంటలు సలహా కేంద్రంలో కూర్చుంటేనే పత్రం అని మొదటిరోజే రాయించుకోండి. 1970ల మొదట్లో అమెరికాలో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ విస్తరణ విభాగం (యూనివర్సిటీ పరిజ్ఞానాన్ని జనానికి చేరవేసే శాఖ) మాస్టర్ గార్డెనర్ పద్ధతిని తెచ్చింది ఈ లెక్క మీదే: చదువు మేం చెబుతాం, బదులుగా మీ సమయం ఇవ్వండి. ఇంటితోటల వాళ్ల ప్రశ్నలకు సమాధానాలు చెప్పలేక అక్కడి సిబ్బంది సతమతమవుతుంటే పుట్టిన ఉపాయం అది. మా దగ్గర మాత్రం ముగింపు సభలోనే అందరికీ పంచేశారు. పత్రాలు గోడలకు వేలాడుతున్నాయి, మనుషుల జాడ లేదు.

మొలక:
శిక్షణ పొందిన మనిషిగా నా బాధ నాది. మాతో మొక్కల శాస్త్రీయ నామాలు బట్టీ పట్టించారు. సలహా కేంద్రంలో కూర్చున్న మొదటిరోజే ఒకాయన ప్లాస్టిక్ సంచిలోంచి వడలిన ఆకు ఒకటి తీసి నా ముందు పెట్టి "దీనికేమైంది?" అన్నారు. ఒకే ఒక్క ఆకు! ఆయన్ను తిరిగి ఏమి అడగాలో మాకెవరూ నేర్పలేదు. ఎప్పుడు మొదలైంది, ముదురాకులకా లేతాకులకా, పక్కనున్న వేరే జాతి మొక్కలకూ ఉందా, ఈమధ్య ఏమి చల్లారు? ఇవి అడిగితే సగం జవాబు వాళ్ల నోటినుంచే వస్తుంది. పక్కన ఉన్న రకరకాల మొక్కలన్నింటికీ ఒకేసారి వచ్చిందంటే తెగులుకన్నా నీళ్లనో, మందు పడటాన్నో ముందు అనుమానించాలి. అన్నట్టు, కుండీ అడుగున గులకరాళ్లు పరవమని చెప్పడం మాన్పించండి. మా జట్టులో సగంమంది ఇప్పటికీ అదే పాట.

నీడతోట:
గులకరాళ్లు చేసిన పాపమేమిటో? నీళ్లు నిలవకుండా దిగిపోవడానికే వేస్తాం. తాతల నాటినుంచి ఉన్న పద్ధతి. నాలుగు తరగతులు విన్నవాళ్లు వచ్చి పెద్దలకు తప్పులు పట్టడం ఎక్కువైపోయింది.

వేరుపురుగు:
ఉద్యానశాస్త్రంలో పట్టా ఉన్నవాణ్ణి, ఏళ్లపాటు నర్సరీ నడిపినవాణ్ణి. ఈ విషయం ఇక్కడితో ముగిద్దాం. సన్నని రంధ్రాలున్న మట్టి నీటిని పట్టి ఉంచుకుంటుంది. కింద రాళ్ల మధ్య పెద్ద సందులు ఎన్ని ఉన్నా, ఆ అంచున మట్టి పూర్తిగా నానిపోయేదాకా నీరు అందులోకి దిగదు. రంధ్రమున్న మామూలు కుండీలో తడి పొర అట్టడుగున ఉంటుంది. మీరు రెండంగుళాల రాళ్లు పరిస్తే ఆ పొర రెండంగుళాలు పైకి జరుగుతుంది, అంటే వేళ్ల దగ్గరికి. ఇందులో వాదనకు చోటు లేదు.

నీడతోట:
పట్టా ఉంటే ఎదుటివాళ్లు నోరెత్తకూడదా? నా మందారాలన్నీ రాళ్లు పరిచిన కుండీల్లోనే ఉన్నాయి. వచ్చి చూడండి, ఒక్కదానికైనా వేరుకుళ్లు ఉందేమో.

ఎర్రమట్టి:
రాళ్ల వల్ల బతికాయా, రాళ్లున్నా బతికాయా? తేలాలంటే రాళ్లు లేని కుండీ ఒకటి పక్కన పెట్టి, అదే మొక్క, అవే నీళ్లతో పెంచి చూడాలి.

నీడతోట:
మరి పత్రం ఆపితే మనుషులు నిలుస్తారన్నారు కదా, మీరు పక్కన ఏ జట్టును పెట్టి చూశారు?

చెత్తలోబంగారం:
ఇద్దరూ కాస్త శాంతించండి. ముందు నేర్పాల్సింది కంపోస్టు. ఎండాకులు ఎక్కువ, పచ్చి చెత్త తక్కువ. కర్బనం, నత్రజని నిష్పత్తి 25 నుంచి 30కి 1 ఉండాలి. ఇది వస్తే మిగతాదంతా దానంతటదే వస్తుంది. నా కుప్పలోంచి పొగలు చిమ్ముతాయి తెలుసా!

ఈనెలుచూడు:
మిగతాదంతా దానంతటదే రాదు. టమాటా కాయ అడుగు నల్లబడిందని ఎవరైనా వస్తే మన కార్యకర్త ఠక్కున "కాల్షియం లోపం, గుడ్డుపెంకులు వేయండి" అంటాడు. కాయకు కాల్షియం అందని మాట నిజమే. కానీ చాలాసార్లు అది మట్టిలో లేక కాదు. ఒకరోజు ఎండగట్టి మరురోజు ముంచెత్తితే నీటితోపాటు పైకి వెళ్లాల్సిన కాల్షియం కాయ చివరిదాకా చేరదు. పైగా గుడ్డుపెంకులు కరగడానికి చాలాకాలం పడుతుంది, ఈలోగా పంటే అయిపోతుంది. లేతాకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఎప్సమ్ ఉప్పు చల్లమనేవాళ్లు ఇంకో రకం. ఆ ఉప్పులో ఉన్నది మెగ్నీషియం, అది తగ్గితే ముందు ముదురాకుల్లో కనిపిస్తుంది. లేతాకుల్లో ఇలా కనిపిస్తే ఎక్కువగా ఇనుము అందడం లేదని అర్థం. క్షారగుణం ఉన్న నేలలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. కాబట్టి మట్టా, చీడలా అంటే నా మాట: ముందు నీళ్లు, తర్వాత మట్టి, చీడలు ఆఖరున.

వేరుపురుగు:
చీడలు ఆఖరునా? జనం మందు సీసా చేత్తో పట్టుకుని వస్తుంటే? గిన్నెలు తోమే ద్రావణం కలిపి పేనుబంక మీద కొట్టి, ఆకులు మాడ్చుకుని వచ్చేవాళ్లకు మీరు నీళ్ల పాఠం చెబుతారా? మొక్కల కోసం తయారుచేసిన సబ్బు వేరు, గిన్నెల ద్రావణం వేరు. రెండోది ఆకు మీది మైనపు పూతను లాగేస్తుంది. పట్టా లేనివాళ్లు పాఠ్యప్రణాళిక రాస్తే ఇలాగే ఉంటుంది.

మొలక:
పట్టా మాట మళ్లీ వచ్చింది. నీడతోట గారూ, నన్ను కూడా ఎవరూ మాటలతో ఒప్పించలేదు. దీర్ఘచతురస్రంగా ఉన్న స్పాంజి తీసుకుని బాగా నానబెట్టి, జల్లెడ మీద పడుకోబెట్టండి. చుక్కలు కారడం పూర్తిగా ఆగనివ్వండి. ఇప్పుడు పిండకుండా నిలువుగా లేపి పెట్టండి. మళ్లీ నీళ్లు కారతాయి! స్పాంజి అదే, నీళ్లు అవే, ఎత్తు ఒక్కటే మారింది. మట్టి లోతు ఎక్కువ ఉంటే నీరు బాగా దిగుతుంది. రాళ్లు వేసి మనం తగ్గిస్తున్నది ఆ లోతునే. మా జట్టులో ఇది చూపించిన రోజున వాదన ఆగింది.

నీడతోట:
చేశాను. కారాయి. అయితే రంధ్రం మీద ఒక పెంకుముక్క కూడా పెట్టకూడదా? మట్టి జారిపోతే ఎవరు ఎత్తుతారు?

వేరుపురుగు:
ఒక్క ముక్క పెట్టుకోండి, రంధ్రం మూసుకుపోకుండా. వల ముక్క అయితే ఇంకా మేలు. నేను వద్దన్నది పొరను.

నీడతోట:
మీరు ఆ మాట ముందే అని ఉంటే ఇంత రభస ఉండేది కాదు. పట్టా గురించి చెప్పడానికి తీరిక దొరికింది, దీనికి దొరకలేదు.

పెరటిబాట:
అందరికీ ధన్యవాదాలు. స్పాంజి మొదటి తరగతిలోకి వెళ్తోంది, మొలక గారి ప్రశ్నలు అచ్చువేసి సలహా కేంద్రంలో బల్లకు అతికిస్తున్నాను. గంటల సంగతి మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

ఎర్రమట్టి:
గంటలు లెక్కపెట్టకండి. పాత కార్యకర్త పక్కన కూర్చోబెట్టండి. వచ్చినవాళ్లను సరైన ప్రశ్నలు అడిగి, తెలియనప్పుడు "కనుక్కుని చెబుతాను" అనడం వచ్చేదాకా ఒంటరిగా వదలకండి. కొందరికి వారంలో వస్తుంది, కొందరికి ఎప్పటికీ రాదు. పట్టా ఉన్నా సరే.

వేరుపురుగు:
అది నన్ను ఉద్దేశించేనా?

చెత్తలోబంగారం:
కంపోస్టు గురించి ఎవరూ ఒక్క ముక్క మాట్లాడలేదు.