రెండో క్యాన్సర్ ‘కరెంటు’ వల్లే వస్తుందా?

సిక్కోలు సుజాత:
అమ్మకు 2021లో అంగిలి మీద క్యాన్సర్. ఆపరేషన్ చేసి కరెంటు (రేడియేషన్) పెట్టారు. మూడేళ్లకు ముద్ద దిగడం లేదంటే ఎండోస్కోపీ చేశారు, అన్నవాహికలో ఇంకో గడ్డ. పాతది పాకింది కాదు, అక్కడే కొత్తగా పుట్టిందన్నారు డాక్టరుగారు. చుట్టాలంతా "ఆ కరెంటే ముంచింది" అంటున్నారు. సంతకం పెట్టింది నాన్న. ఆయనకు నిద్ర లేదు. నిజంగా దానివల్లేనా?

విశాఖ రమణ:
అమ్మా సుజాతా, అమ్మగారు అడ్డపొగ తాగేవారా? మన తీరంలో ఆ తరం ఆడవాళ్లలో చాలామందికి అలవాటే. నిప్పున్న కొన నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చేవారు. మా నాయనమ్మ నోట్లో టార్చి వేసి చూశాను: అంగిలంతా తెల్లగా పాలిపోయి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. పొగాకు సెగ, రసం తగిలిన దారంతా పొర చెడుతుంది: నోరు, గొంతు, అన్నవాహిక, ఊపిరితిత్తులు. కణితి చుట్టూ మామూలుగా కనిపించే పొర కూడా చెడి ఉంటుందని 1953లోనే స్లాటర్ అనే సర్జన్ బృందం చూపించింది. ఒక కలుపు మొక్క పీకినా, విత్తనం చేనంతా పడి ఉన్నట్టు. మద్యం అలవాటు తోడైతే ముప్పు ఇంకా ఎక్కువ. కరెంటును ఆడిపోసుకోవద్దు.

పద్మ, నెల్లూరు:
రమణగారూ, మీతో పూర్తిగా ఒప్పుకోలేను. చిన్న వయసులో హాడ్జ్‌కిన్ లింఫోమాకు (లింఫు గ్రంథుల్లో వచ్చే క్యాన్సర్) ఛాతీ మీద రేడియేషన్ తీసుకున్న ఆడపిల్లలకు తర్వాత రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. కొన్ని కీమో మందుల వల్ల ల్యుకేమియా (రక్త క్యాన్సర్) కూడా రావచ్చు. అలాగని అన్నిటికీ పొగాకో చికిత్సో కారణం కాదు. మా అక్క చుట్ట ముఖం చూసి ఎరగదు. ముందు రొమ్ములో, ఆరేళ్లకు అండాశయంలో వచ్చింది. టెస్టు చేయిస్తే బీఆర్‌సీఏ1 జన్యువులో లోపం బయటపడింది. అది ఉంటే ఆ రెండు క్యాన్సర్ల ముప్పూ పెరుగుతుంది.

విశాఖ రమణ:
మీ అక్కగారి సంగతి వేరేనమ్మా, ఒప్పుకుంటాను. రేడియేషన్‌కు దోషమే లేదని నేనూ అనను. అయితే దానివల్ల గడ్డలు రావడానికి మామూలుగా ఐదేళ్లు, పదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అదీ కిరణాలు తగిలిన మేరలో, దాని పక్కన. సుజాతా, కొత్త గడ్డ ఎక్కడుంది?

సిక్కోలు సుజాత:
రొమ్ము ఎముక వెనకాల. కరెంటు ముఖానికి మాస్కు బిగించి పెట్టారు, అంత కిందికి రాలేదని ఈరోజే అడిగి తెలుసుకున్నాను. నాన్నకు ఇదంతా చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నారు.

అడ్డపొగ నిజమే. ఆపరేషన్‌తో మానేసిందనుకున్నాం. పోయిన నెల బియ్యం డబ్బా వెనక చుట్టల కట్ట దొరికింది.

పద్మ, నెల్లూరు:
దానికి అమ్మను తిట్టకు తల్లీ. చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు, ఒక్కరోజులో పోదు. మాన్పించే మందులు, కౌన్సెలింగ్ ఉన్నాయి. ఈసారి వెళ్లినప్పుడు ఆ కట్ట సంగతి డాక్టరుగారికి చెప్పు.