వచ్చిరి చయ్యనా, ఒయ్యనా?

రాజోలు డీటీపీ:
గ్రూపు పెద్దలకు నమస్కారం. వారం రోజులుగా ఒక పాదం చెవిలో జోరీగలా తిరుగుతోంది. పోతన గజేంద్రమోక్షంలో స్వామి ఎవరికీ చెప్పకుండా లేచిపోతే వెనకాల వైకుంఠం వైకుంఠమే కదిలొస్తుందే, ఆ పద్యం. "తన వెంటన్ సిరి, లచ్చివెంట నవరోధవ్రాతమున్" సాఫీగానే వస్తోంది. చివరికొచ్చేసరికి "ధ్వజినీకాంతుండు రా వచ్చిరి చయ్యన" అని నోటికొస్తోంది గానీ ఎక్కడో కుంటుతోంది. తాతగారు చదివితే కుంటేది కాదు.

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో చెబితే నవ్వుతారు. పొద్దున్నే షాపు తీసి కంప్యూటరు ఆన్ చేస్తే నాకు కావలసింది తెలుగు టైపింగ్ ఒక్కటే. దాని వెంట ప్రింటరు వాళ్ల అప్‌డేట్ కిటికీ, దాని వెనక ఎప్పుడో ఒక్కసారి వాడిన మీటింగ్ యాప్, దాని పక్కన పాటల యాప్, ఫోటోలు దాచేది, ఇంకా నేను పేరు కూడా ఎరగనివి రెండు. కౌంటరు అవతల ఆధార్ ప్రింటుకొచ్చిన పెద్దాయన సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ "అయ్యిందా బాబూ" అని మూడోసారి అడిగారు. అప్పుడు తట్టిందండి పద్యం.

రెండు ప్రశ్నలు. పాఠం ఏది? ఈ స్టార్టప్ యాప్స్‌ని తెలుగులో ఏమనాలి? మా కుర్రాడి కోసం మానిటరు పక్కన చీటీ అంటించాలి.

ముక్తేశ్వరం మాస్టారు:
చయ్యన కాదు నాయనా, ఒయ్యన. ఈ పద్యం మత్తేభం, పాదానికి 20 అక్షరాలు. మూడో పాదం "క్రనికాయంబును"తో మొదలై "వచ్చిరొ" దగ్గర ఆగి, నాలుగోది "య్యన వైకుంఠపురంబునం గలుగువా రాబాలగోపాలమున్" అని ఎత్తుకుంటుంది. నువ్వన్నట్టు "వచ్చిరిచ" అంటే 21. తాతగారి దగ్గర ఆ ఒక్క అక్షరం లేదు, నువ్వు చేర్చావు.

భీమవరం:
ఆ పాదవిభాగం పుణ్యమా అని మా క్లాసులో ఈ పద్యం ఒక్కళ్లూ సరిగ్గా అప్పజెప్పలేదు మాస్టారూ. "వచ్చి రొయ్యన" దగ్గరికి రాగానే క్లాసంతా ఘొల్లుమనేది. రొయ్యలు వచ్చాయని.

సరే, పాఠం ఒప్పుకున్నా. అర్థం సంగతేంటి? చయ్యన అంటే చటుక్కున, ఒయ్యన అంటే మెల్లగా. బ్రౌన్ నిఘంటువు కూడా అదే అంటుంది. స్వామి జుట్టు సవరించుకోకుండా, పట్టుకున్న కొంగు వదలకుండా పరుగెడుతుంటే వెనకున్నవాళ్లు పెళ్లిభోజనానికి వెళ్తున్నట్టు మెల్లగా వచ్చారా? రాజోలు వారి చెవి తప్పు విన్నా మనసు సరిగ్గానే విన్నదనుకుంటా. అక్కడ కావలసింది వేగమే.

ద్రాక్షారామం:
ఇందులో మనసూ లేదు చెవీ లేదండి. నకార ప్రాస, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం న. తన, న్కను, క్రని, య్యన. "న" పడాలి కాబట్టి పడింది. పెద్ద కవులు కూడా ప్రాస దగ్గర మనలాంటి వాళ్లే.

ముక్తేశ్వరం మాస్టారు:
ప్రాస ఒక్కటే చూశారు, యతి వదిలేశారు. నాలుగో పాదంలో 14వ అక్షరం "వారాబాల" అన్నచోట ఉన్న ఆ. దానికి పాదం మొదటి అక్షరమైన య్యతో మైత్రి, అదే యతి. ఇటు ప్రాస, అటు యతి, రెండూ ఒకే మాటతో తీరాయి. ప్రాస కోసం తెచ్చిపెట్టిన మాట ఇంత కుదురుగా కూర్చోదు. మీ ఊరిని శ్రీనాథుడు భీమేశ్వరపురాణంలో అంతలా పొగిడాడు కదా, ఆ మొహమాటంతో పోతనని చిన్నచూపు చూడకండి.

ద్రాక్షారామం:
ఆయ్, శ్రీనాథుడి జోలికి రాకండి మాస్టారూ. ఇక్కడ నేనేమీ అనలేదు.

నర్సాపురం:
సిస్టమ్స్ పని చేసేదాన్ని, పద్యాల్లో మీ అందరి ముందూ పిల్లని. అయినా ఒక మాట. "రా" ఎవరికి, "వచ్చిరి" ఎవరికి? లక్ష్మి, అంతఃపురం, గరుత్మంతుడు, ఆయుధాలు, నారదుడు, విష్వక్సేనుడు, వీళ్లంతా "రా". అంటే వస్తుండగా. "వచ్చిరి"కి కర్త "వైకుంఠపురంబునం గలుగువారు". ఒయ్యన అన్నది ఆ ఊరిజనానికే. ముందు వరస స్వామి వెంటే ఉంది, ఊరు నిదానంగా వెనక కదిలింది. ఇద్దరి వేగాలూ వేరు.

విండోస్‌లో తెర వెనక నడిచే సర్వీసులకి కూడా ఇదే ఏర్పాటు. కొన్నిటికి "ఆటోమేటిక్" అని ఉంటుంది, కొన్నిటికి "ఆటోమేటిక్, డిలేడ్ స్టార్ట్". ఆ రెండో రకం ముందువాళ్లందరూ లేచాక గానీ కదలవు. డిలేడ్ స్టార్ట్‌కి ఒయ్యన కంటే మంచి తెలుగు నాకు తట్టలేదు.

రాజోలు అన్నయ్యగారూ, మీ పని సంగతి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో స్టార్టప్ యాప్స్ అన్నచోటికి వెళ్లండి. పక్కనే స్టార్టప్ ఇంపాక్ట్ అని హై, మీడియం, లో అని రాసుంటుంది. హై ఉన్నవాటిలో అక్కరలేనివి డిసేబుల్ చేయండి. ప్రోగ్రాం ఎక్కడికీ పోదు, పిలిచినప్పుడు వస్తుంది. పాతకాలం వాళ్లు ఎంఎస్‌కాన్ఫిగ్ అనే కిటికీలో వెతుకుతారు, విండోస్ 8 నుంచి ఆ జాబితా ఇక్కడికి మారింది. కొన్ని స్టార్టప్ ఫోల్డర్లో షార్ట్‌కట్‌లుగా కూడా ఉంటాయి. విండోస్ మీటా, ఆర్ నొక్కి షెల్:స్టార్టప్ అని కొడితే ఆ ఫోల్డరు తెరుచుకుంటుంది.

భీమవరం:
"రా", "వచ్చిరి" విభాగం బాగుంది చెల్లెమ్మా. కానీ మా పంతులుగారు ఒయ్యన అంటే ఇక్కడ "వెంటనే" అనే చెప్పారు. బెత్తం చేతిలో ఉండేది కాబట్టి ఎందుకని మేం అడగలేదు.

ముక్తేశ్వరం మాస్టారు:
ముందు వరస వేగంగా వచ్చిందనేది ఒప్పుకోను. కాస్త కిందికి రండి. సాక్షాత్తూ లక్ష్మీదేవే ఎలా నడిచిందో ఉంది.

అడిగెదనని కడువడి జను
నడిగిన దను మగుడ నుడువడని నడ యుడుగున్
వెడవెడ సిడిముడి తడబడ
నడుగిడు నడుగిడదు జడిమ నడుగిడు నెడలన్

పాదాల చివర "గున్", "లన్" తప్పిస్తే అన్నీ లఘువులే. పైకి చదవండి, నాలుకే తడబడుతుంది. అడగాలని రెండడుగులు వేస్తుంది, అడిగితే చెప్పడేమోనని ఆగుతుంది. సిరే ఇలా నడిస్తే ఆమె వెనకాలవాళ్లు ఒయ్యన రాక చయ్యన ఎలా వస్తారు? మా రేవులో జనాన్ని దాటించే పంటు బయల్దేరాక చూడండి. ఇంజను ఎంత మోత మోగినా ఒడ్డు ఒయ్యననే దగ్గరవుతుంది.

కాకినాడ:
అడుగిడు నడుగిడదు... మా ఆఫీసు కంప్యూటర్లో తిరిగే ఆ గుండ్రటి చుక్కల గురించి పోతన ముందే రాసేశాడన్నమాట. పేరు విషయానికొస్తే ముందు పద్యంలోనే ఉంది కదా, "పరివారంబును జీరడు", పరివారాన్ని పిలవడు అని. స్టార్టప్ యాప్స్ అంటే పరివారం. పిలవకపోయినా వచ్చేది.

ద్రాక్షారామం:
పరివారం అంటే మనం అన్నంపెట్టి ఉంచుకున్నవాళ్లండి. వాడి కంప్యూటర్లో ఉన్నది పిలవని పేరంటం. ఆ మాటే రాసి అంటించమనండి, కుర్రాడికీ అర్థమవుతుంది.

కాకినాడ:
పేరంటం ఒక పూట. ఇవి రోజూ వస్తాయి.

రాజోలు డీటీపీ:
అందరికీ దండాలు. నర్సాపురం చెల్లెమ్మ చెప్పినట్టు నిన్న రాత్రి షట్టరు దించాక కూర్చుని జాబితా తీశాను. పదకొండు ఉన్నాయి. ఊపులో పదకొండూ డిసేబుల్ కొట్టేశాను. పొద్దున్న చూస్తే ఒక్క గుటక టీ తాగేలోపు స్క్రీను సిద్ధం. చాలా సంబరపడ్డాను.

పదింటికి పెన్షన్ పని మీద ఒకావిడ వచ్చి వేలు పెట్టింది. మిషన్‌లో లైటు లేదు. చీరచెంగుతో వేలు తుడుచుకుని మళ్లీ పెట్టింది. తప్పు తన వేలిదేమోనని ఆవిడ, వైరుదేమోనని నేను. పావుగంట తర్వాత తట్టింది, ఆ మిషన్ తాలూకు ప్రోగ్రాం కూడా పదకొండులో ఒకటి. మళ్లీ ఎనేబుల్ చేసి రీస్టార్ట్ కొడితే గానీ ఆవిడ వేలు పడలేదు.

ముక్తేశ్వరం మాస్టారు:
శంఖచక్రాలు కూడా ఇంటి దగ్గర వదిలేసి బయల్దేరావన్నమాట. స్వామి వదిలినా అవి "వాని పొంతను" వచ్చాయి కాబట్టి మొసలి తల తెగింది.

నర్సాపురం:
వేలిముద్రది, యాంటీవైరస్‌ది, టైపింగ్‌ది ఉంచండి అన్నయ్యగారూ. మిగతా ఎనిమిదీ పడుకోనివ్వండి. ఈసారి ఒక్కొక్కటే ఆపి, రీస్టార్ట్ చేసి చూసుకోండి.

రాజోలు డీటీపీ:
అలాగే. చీటీ మీద ప్రస్తుతానికి "పరివారం: మూడే" అని రాశాను. కుర్రాడు దాని కింద పెన్సిలుతో "రొయ్యలు: ఎనిమిది" అని చేర్చాడు. భీమవరం వారి పోస్టు చూపించడం నాదే తప్పు. ఇంతకీ ఒయ్యన అంటే మెల్లగానా, వెంటనేనా? తాతగారి పుస్తకం దొరికింది గానీ సరిగ్గా ఆ పేజీ చెదపట్టింది.

ద్రాక్షారామం:
అది అలా ఉంచండి. నాకు ఎప్పట్నుంచో ఒకటి అడగాలని ఉంది. "ఆబాలగోపాలమున్" అన్నాడు కదా. వైకుంఠంలో పసిపిల్లలెక్కడి నుంచి వచ్చారు? గోపాలురు మాత్రం ఎక్కడి నుంచి? ఇది ఎనిమిదో స్కంధం, కృష్ణుడు పుట్టేది పదిలో.

ముక్తేశ్వరం మాస్టారు:
అది జాతీయం అయ్యా, ఊరంతా అని. అక్కడ గోవులుండాలా, గోపాలురుండాలా?

భీమవరం:
ఉండాలి మాస్టారూ. పోతన మాటని ఊరికే వాడడని యతి దగ్గర మీరే అన్నారు.