సమస్యాపూరణం: పాత రవిక చింపి పడతి మురిసె

నిర్వాహకుడు:
ఈ వారం ఛందస్సు ఆటవెలది, చివరి పాదం నేనిస్తున్నాను, పై మూడు పాదాలూ మీరు పూరించాలి. నిన్న మా ఇంట్లో ఆది జాకెట్టు (కొలతకి పెట్టుకునే పాత జాకెట్టు) కనపడక బీరువాలన్నీ గాలించారు, ఆ గోలలో తట్టిన పాదం ఇది. మొగుడూ పెళ్ళాల తగాదాలు పెట్టి దాటేయకండి, ఇంట్లో మిషన్ ముందు కూర్చునే మనిషి కనపడాలి.

"పాత రవిక చింపి పడతి మురిసె"

గోదారిగట్టు:

కుట్లు విప్పి యొక్క కొలతైన చెడకుండ
కొత్త గుడ్డ మీద కుదుర బెట్టి
సుద్దముక్క తోడ చుట్టు గీతను గీసి
పాత రవిక చింపి పడతి మురిసె

సరిపోయిన పాత జాకెట్టు ఒక్కటి ఉంటే చాలు, టైలరు దగ్గరకి పోనక్కర్లేదు, కొలతలు గీసి అమ్మే అచ్చు కాగితాలు కొనక్కర్లేదు. అదే చెప్పాను.

సూదీదారం:
మాస్టారూ, సుద్దకీ చుట్టుకీ కుదిరిన యతి, అదే పాదం మొదటి అక్షరానికీ మధ్యలో అక్షరానికీ ఉండాల్సిన పొత్తు, హాయిగా ఉంది. కానీ వరస చూడండి. మొదటి పాదంలోనే కుట్లు విప్పేశారు, మూడో పాదానికి గీత కూడా గీసేశారు, ఇక నాలుగో పాదంలో చింపడానికి ఏం మిగిలిందని? పైగా విప్పడం వేరు, చింపడం వేరు. చింపితే చంక దగ్గర గుడ్డ సాగిపోతుంది, ఆ సాగిన ముక్క పెట్టి గీస్తే కొత్త జాకెట్టు వేసుకున్నప్పుడు అక్కడే ముడతలు పడి కూర్చుంటుంది. బ్లేడు మొనతో నాలుగైదు కుట్లకి ఒకటి తెంపుకుంటూ వెళ్ళి దారం లాగితే ముక్క ముక్కలాగే చేతికొస్తుంది.

గోదారిగట్టు:
గీత గీశాక ఆ పాతది ఎందుకండీ, చింపి మసిగుడ్డ చేసుకుంటుంది. అసలు విప్పకుండా మడతేసి గీసేవాళ్ళు కూడా ఉన్నారు కదా.

సూదీదారం:
వెనక భాగానికి మడత చాలు. ముందు భాగంలో డాట్లు, అంటే ఒంటి ఆకారానికి తగ్గట్టు గుడ్డ మడిచి వేసిన కుట్లు, ఉంటాయి, ఎంత పరిచినా చదునుగా పడదు, బలవంతంగా నొక్కి గీస్తే చాతీ దగ్గర బిగుతైపోతుంది. అందుకని ముందు భాగం విప్పాల్సిందే, అదీ ఒక్క పక్కే. రెండో పక్క అలాగే ఉంచుకుంటే ఏ డాటు ఎంత లోతు, పట్టీ ఎక్కడ అతికారు అన్నది చూసుకుంటూ కుట్టుకోవచ్చు. ఇంకోటి, విప్పిన ముక్కలో కుట్టుకి వదిలిన గుడ్డ ముందే ఉంటుంది, మళ్ళీ అర అంగుళం కలిపితే జాకెట్టు వదులైపోతుంది. మడతేసి గీసినప్పుడు మాత్రం తప్పకుండా కలపాలి. మీ "కొలతైన చెడకుండ"లో ఇంత ఉంది, అందుకే ఆ పాదం నాకు నచ్చింది. ఆ మసిగుడ్డ మాత్రం పద్యంలో లేదు, మీ వివరణలోనే ఉంది.

ఓరుగల్లు:
నేను కొలతల జోలికి పోలేదు, జరీ అంచు పట్టుకున్నాను.

పట్టు రవిక యంచు బంగారు జరితోడ
పాప గౌను మెడకు బాగ నమర
నాలుగేళ్ల నుండి పెట్టెలో పడియున్న
పాత రవిక చింపి పడతి మురిసె

గోదారిగట్టు:
అన్నా, భావం బంగారమే. కానీ మూడో పాదంలో "నా"కీ "పె"కీ చెల్లే యతి నేనైతే ఎక్కడా చదవలేదు. పోనీ, వాటి పక్కనున్న రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి అందామన్నా "లు" ఎక్కడ, "ట్టె" ఎక్కడ?

సూదీదారం:
"పెండ్లినాటి నుండి పెట్టెలో పడియున్న" అంటే యతి కుదురుతుంది, ఆ రవిక ఎందుకు పట్టుదో కూడా తెలుస్తుంది. పెళ్ళి జాకెట్టు ఎలాగూ మళ్ళీ పట్టదు, జరీ మాత్రం చెక్కుచెదరదు. ఒక్క మాట మార్చితే పద్యం ఎక్కడికో వెళ్ళింది.

ఓరుగల్లు:
సవరణ బాగున్నది అక్కా. అయితే యతి గురించి మాస్టారే అడుగుతున్నరు కాబట్టి నేనూ అడుగుత. ఇదివరకు "సూది లేని కుట్టు సొగసు నిచ్చె" అని సమస్య ఇచ్చినప్పుడు విస్తరాకు మీద మాస్టారు రాసిన "ముచ్చటైన యాకు పుల్లతోడ" పాదంలో "ము"కు "పు" వేస్తే అప్పుడు ఎవరూ నోరెత్తలేదేం?

గోదారిగట్టు:
ఎత్తాల్సిన పని లేదు కనక. పు ఫు బు భు లకి "ము"తో యతి చెల్లుతుంది, ఇది ఈ గుంపులో అందరికీ తెలుసు. ఆ పద్యం గెలిచింది యతి వల్ల కూడా కాదు, సూది లేని కుట్టు అనగానే అందరూ గాయాలూ మనసులూ అంటూ వెళ్తే నేను మోదుగాకు మీద ఈనెపుల్ల గుచ్చాను.

ఓరుగల్లు:
మోదుగాకు అని పద్యంలో ఎక్కడున్నది? "ముచ్చటైన యాకు" అని ఉన్నది. అది బాదమాకు కూడా కావచ్చు!

నిర్వాహకుడు:
విస్తరి ఎత్తేయండి ఇద్దరూ. కొత్త పూరణ వచ్చింది, చూడండి.

మల్లెపందిరి:

కూతు కొలత గీసి కొన్నాళ్ళు దాచిన
కాగితంపు రవిక కట్టు విప్పి
పిల్ల పెరిగెననుచు పెదవిపై నవ్వుతో
పాత రవిక చింపి పడతి మురిసె

పరికిణీ మీదకి జాకెట్టు కుట్టేటప్పుడు న్యూస్ పేపరు మీద గీసి, కత్తిరించి, ముక్కలన్నీ కట్టగట్టి దాచుకుంటాం కదా, ఆ కాగితం.

సూదీదారం:
అమ్మాయ్, ఇదీ పూరణంటే! మేమంతా గుడ్డ చింపుతూ కూర్చున్నాం, నువ్వు రవికనే కాగితం చేశావు. చింపడానికి ఇంతకన్నా సరైన కారణం ఉండదు. భుజం అర అంగుళం పెరిగినా ఆ కాగితం ఇక పనికిరాదు, ఆ చింపే చప్పుడులో తల్లికి కలిగే సంతోషం మూడో పాదంలో నిండుగా ఉంది.

ఓరుగల్లు:
నా ఓటు దీనికే. "కట్టు విప్పి" అన్న రెండు మాటల్లో ఎన్నేళ్ళ దాపరికమో ఉన్నది.

గోదారిగట్టు:
పద్యం నిర్దోషం, ఒప్పుకుంటాను. ఒక్క సందేహం. ఇంట్లో చిన్నపిల్ల ఉంటే? పెద్దదాని కాగితం చెల్లెలికి పనికొస్తుందని దాచుకుంటారు గానీ ఎవరైనా చింపుతారా?

మల్లెపందిరి:
దాచుకున్నా లాభం లేదు మాస్టారూ. అక్క భుజాలు అక్కవి, చెల్లి భుజాలు చెల్లివి. ఒకే వయసులో కొలిచినా మెడ లోతూ చంక చుట్టూ కలవవు, దానికి మళ్ళీ టేపు పెట్టి వేరే గీయాల్సిందే.