గూగుల్‌లో పాత ప్రశ్నపత్రాలు దొరకట్లేదు, ఎలా వెతకాలి?

తెనాలి_అభ్యర్థిని:
అందరికీ నమస్తే. ఏపీపీఎస్సీ (ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్) గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నాను. పాత ప్రశ్నపత్రాలు, వాటి జవాబుల కీలు కావాలి, అవీ కమిషన్ పెట్టినవే. "గ్రూప్ 2 ఓల్డ్ పేపర్స్" అని కొడితే పైనుంచి కిందిదాకా యూట్యూబ్ వీడియోలు, కోచింగ్ ప్రకటనలే. ఏ లింకు నొక్కినా ముందు ఫోన్ నంబరు అడుగుతున్నారు. ఒకచోట దించుకున్న కీ అంతా తప్పులతడక. పరీక్ష టెన్షన్‌కి తోడు ఇదొకటి. వెతకడానికి మంచి పద్ధతి ఉంటే చెప్పండి.

అనంతపురం_నెట్‌సెంటర్:
చెల్లెమ్మా, మా నెట్ సెంటర్‌కి నీలాంటి పిల్లలు రోజూ వస్తారు. వాళ్ళకి మొదట చెప్పేది ఒకటే: నీ మనసులో ఉన్న మాట కాదు, ఆ కాగితం మీద ఉండే మాట కొట్టాలి. కమిషన్ వాళ్ళు ఆ కాగితం మీద "ఓల్డ్ పేపర్స్" అని రాయరు. "ఇనిషియల్ కీ", "ఫైనల్ కీ" అని రాస్తారు, పైన నోటిఫికేషన్ నంబరు వేస్తారు. 2023 డిసెంబరులో వచ్చిన గ్రూప్-2ది 11/2023. ఆ నంబరు, దాని పక్కన ఫైనల్ కీ అన్న మాట, రెండూ ఇంగ్లీషులో విడివిడిగా కొటేషన్ గుర్తుల మధ్య పెట్టు. కొటేషన్లు లేకపోతే గూగుల్ తనకి తోచిన దగ్గరి మాటలన్నీ కలిపేసుకుంటుంది.

తర్వాత, వెతికే చోటు తగ్గించు. ఇంగ్లీషులో సైట్ అని రాసి, కోలన్ (:) పెట్టి, ఖాళీ వదలకుండా కమిషన్ అడ్రసు పీఎస్‌సీ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ కొట్టు. ఫలితాల్లో కోచింగ్ వాళ్ళ సైట్లు కనపడవు. కోలన్ తర్వాత ఖాళీ వదిలితే మాత్రం అది పని చెయ్యదు, చాలామంది అక్కడే ఆగిపోతారు. పీడీఎఫ్‌లే కావాలంటే ఫైల్‌టైప్ అని కలిపి రాసి, కోలన్, పీడీఎఫ్. ఈ రెండూ ఒకే వరసలో పెట్టొచ్చు.

ఇంకో మాట. ప్రభుత్వ కాగితాల్లో కొన్ని స్కాన్ చేసిన బొమ్మలు, కొన్ని పాత అను ఫాంట్లలో కొట్టినవి. కంటికి తెలుగే, లోపల మాత్రం ఏవో గుర్తులు. అలాంటివి తెలుగులో వెతికితే దొరకవు, ఇంగ్లీషు పేరుతోనే వెతకాలి.

కర్నూలు_టీచర్:
పై అన్న చెప్పింది నిజం. నేను పేర్ల సంగతి కలుపుతాను. తెలంగాణ కమిషన్ 2024లో టీఎస్‌పీఎస్సీ నుంచి టీజీపీఎస్సీ అయింది. అక్కడి పాత పేపర్లు పాత పేరుతోనే ఉంటాయి. రెండు పేర్లూ రాసి మధ్యలో ఓఆర్ అని ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో పెట్టండి. జిల్లాలదీ అంతే. ఏపీలో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. నంద్యాల గురించి అంతకుముందు కాగితం కావాలంటే కర్నూలు జిల్లా అని వెతకాలి. తేదీ గిరి గీయాలంటే బిఫోర్ అని రాసి, కోలన్, 2022 అని పెట్టొచ్చు. కానీ గూగుల్ పేజీకి వేసుకునే తేదీ అన్నిసార్లూ సరిగ్గా ఉండదు, దాన్నే నమ్ముకోకండి.

తెనాలి_అభ్యర్థిని:
దొరికింది అన్నా! మొదటి వరసలోనే ఫైనల్ కీ పీడీఎఫ్. టీచర్ గారూ, మీకూ థ్యాంక్స్. ఇంకో డౌట్: కరెంట్ అఫైర్స్ తెలుగులో వెతికితే ఒక్కోసారి ఏమీ రావట్లేదు, ఎందుకు?

అనంతపురం_నెట్‌సెంటర్:
తెలుగులో కొటేషన్లు జాగ్రత్తగా వాడాలి తల్లీ. "పోలవరం ప్రాజెక్టు" అని కొటేషన్లలో పెడితే "పోలవరం ప్రాజెక్టుకు", "ప్రాజెక్టులో" అని రాసిన వార్తలు తప్పిపోవచ్చు. మన మాటలకి తోకలు ఎక్కువ కదా. స్పెల్లింగూ అంతే: ఒకరు పంచాయతీ అంటారు, ఇంకొకరు పంచాయితీ అంటారు. అందుకని తెలుగులో కొటేషన్లు తీసేసి, తోకలు లేని మాటలు రెండు మూడు కొట్టు. వీడియోలు అడ్డమైతే ఫలితాల పైన ఉండే వరసలో "వెబ్" అన్నది నొక్కు, ఫోన్‌లో అయితే ఆ వరసని పక్కకి జరిపితే కనపడుతుంది. ఉత్త లింకులే మిగులుతాయి. ఒక సైట్ పదే పదే వస్తుంటే మైనస్ గుర్తు పెట్టి, దానికి ఆనించి సైట్, కోలన్, ఆ అడ్రసు కొట్టు, అది పోతుంది. మైనస్‌కి ముందు ఖాళీ ఉండాలి, తర్వాత ఉండకూడదు.