ఏజెంటుకు రాసే క్వెరీ లెటర్: డాలస్‌కు కొత్తగా వచ్చినవారి ప్రశ్న

అందరికీ నమస్కారం. గుంటూరు నుంచి డాలస్ వచ్చి కొన్నాళ్లే అయింది. తెలుగు పత్రికల్లో నా కథలు కొన్ని వచ్చాయి. ఇప్పుడు ఇంగ్లీషులో నవల పూర్తి చేశాను. ఇక్కడి పెద్ద పబ్లిషర్లు నేరుగా తీసుకోరు, రచయిత తరఫున పుస్తకాన్ని వాళ్లకు అమ్మిపెట్టే ఏజెంటు ఉండాలంటున్నారు. నవలను పరిచయం చేస్తూ ఏజెంటుకు రాసిన ఉత్తరం (క్వెరీ లెటర్), మొదటి అధ్యాయం జతచేశాను. ఎలా ఉన్నాయో ఎవరైనా చూసి చెప్పగలరా?

జవాబు, న్యూజెర్సీ నుంచి:

నమస్తే అమ్మా. రెండూ చదివాను. మీ ఇంగ్లీషుకు వంక పెట్టేదేం లేదు. చిక్కల్లా ఉత్తరంలో కథ మరీ ఆలస్యంగా రావడమే. మొదటి పేరా మీ చదువు, రెండోది బహుమతులు, మూడోది మీ కథల పుస్తకానికి ఓ పెద్దాయన రాసిన ముందుమాటలోని మంచి మాటలు. మన దగ్గర పుస్తకాలు అలాగే మొదలవుతాయి కాబట్టి చేతికి అదే అలవాటు. ఇక్కడ ఏజెంటు ముందు వెతికేది కథ. మీ గురించి ఆఖర్న రెండు వాక్యాలు చాలు. పత్రికల్లో కథలు వచ్చిన సంగతి మాత్రం అక్కడ తప్పకుండా రాయండి.

తీరా కథ దగ్గరికొచ్చేసరికి "మారుతున్న సమాజంలో మానవ సంబంధాలను ఈ నవల చిత్రిస్తుంది" అన్నారు. అది సమీక్షకులు రాయాల్సిన మాట. మీ మొదటి అధ్యాయంలో ఉన్న సరుకుతోనే ఇలా రాసి చూడండి, ఇంగ్లీషు మీ చేతిలోదే:

"తండ్రి హఠాత్తుగా పోవడంతో గుంటూరు మిర్చి యార్డులో ఆయన కమిషన్ కొట్టు 19 ఏళ్ల పద్మ చేతికొస్తుంది. చిట్టా తిరగేస్తే 40 మంది రైతులకు బాకీ. కొట్టు అమ్మితే బాకీ తీరుతుంది, తమ్ముడి చదువు ఆగిపోతుంది. సీజను గడిచేదాకా దాచిపెడదామంటే, ఆ 40 మందిలో ఒకడు సొంత మేనమామ."

పద్మకేం కావాలో, ఏది అడ్డమో, తప్పటడుగు వేస్తే ఏం పోతుందో తెలిసింది. అక్కడే ఆపేయండి. ముగింపు సినాప్సిస్‌లో, అంటే కథంతా క్లుప్తంగా చెప్పే కాగితంలో, చెబుదురుగాని. మిర్చి యార్డు చరిత్ర చెప్పే పేరా మొత్తం తీసేయండి. అప్పు, కొట్టు, మేనమామ ఎక్కడివాళ్లకైనా అర్థమవుతాయి.

ఉత్తరం 300 మాటలకు అటూ ఇటూగా ఉండాలి. ఏజెంటును పేరుతో పలకరించి, వాళ్లకే ఎందుకు పంపుతున్నారో ఒక్క వాక్యం రాయండి. నవల పేరు, ఏ కోవ, ఎన్ని పదాలు అన్నవీ ఉండాలి. 1,60,000 పదాలంటే తొలి నవలకు చాలా ఎక్కువ. 80,000 నుంచి 1,00,000 లోపుకి కుదించాకే పంపండి, లేకపోతే ఆ అంకె దగ్గరే పక్కన పెట్టేస్తారు. మీ నవల ఏ పుస్తకాల్లాంటిదో చెప్పే పోలికకు ఎప్పటిదో బుకర్ బహుమతి నవలను చెప్పారు, అది వద్దు. గత ఐదేళ్లలో వచ్చినవి, మీ నవల నచ్చేవాళ్లు చదివేవి రెండు పుస్తకాలు చెప్పండి. నవల మొదటి పేజీలను చాలామంది ఏజెంట్లు మెయిల్‌లోనే అతికించమంటారు, కొందరు క్వెరీమేనేజర్ అనే ఆన్‌లైన్ ఫారం నింపమంటారు. వాళ్ల సైటులో ఎలా ఉంటే అలా చేయండి.

చివర్లో పెట్టిన హామీపత్రం తీసేయండి. మన పత్రికలకు "మరెక్కడా పరిశీలనలో లేదు" అని రాసివ్వాలి. ఇక్కడ ఒకేసారి ఐదారుగురికి పంపడం మామూలే. ఒకే ఏజెన్సీలో ఇద్దరికి మాత్రం ఒకేసారి పంపకండి. ఎవరైనా మీకు ఏజెంటుగా ఉంటామని ఆఫర్ ఇస్తే వెంటనే ఒప్పేసుకోకుండా, మిగతావాళ్లకు చెప్పి రెండు వారాలు గడువు ఇవ్వడం పద్ధతి.

నాకు అన్నిటికన్నా భయం డబ్బు విషయంలోనే. తెలుగులో సొంత ఖర్చుతో పుస్తకం వేసుకోవడం మనకు అలవాటు, అందుకే నవల చదవడానికి ఎవరైనా రీడింగ్ ఫీజు అడిగితే మనకు అనుమానం రాదు. దయచేసి ఒక్క డాలరు కూడా కట్టకండి. అసలైన ఏజెంటు పుస్తకం పబ్లిషరుకు అమ్ముడైతేనే తన వాటా తీసుకుంటారు. మామూలుగా అది 15 శాతం, విదేశీ హక్కులకైతే 20. తమంతట తాము మెయిల్ పెట్టి "మీ నవల అద్భుతం" అనేవాళ్ల పేర్లు రచయితలను మోసగాళ్ల గురించి హెచ్చరించే రైటర్ బివేర్ సైటులో వెతికి చూడండి.

పేరా తిరగరాసి ఇక్కడే పెట్టండి, ఓపిగ్గా చూస్తాను.

ఇంకో జవాబు, లండన్ నుంచి:

పై అక్కయ్య చెప్పినదంతా సరైనదే. ఇంగ్లండ్ ఏజెంట్లకూ పంపేటట్టయితే, ఇక్కడ ఉత్తరంతో పాటే సినాప్సిస్, మొదటి మూడు అధ్యాయాలు అడుగుతారు. సినాప్సిస్‌లో ముగింపు దాచకూడదు. ఏజెంట్ల చిరునామాలకు 'రైటర్స్ అండ్ ఆర్టిస్ట్స్ ఇయర్‌బుక్' లైబ్రరీలో దొరుకుతుంది. మీరు అమెరికాకు డిపెండెంట్ వీసా మీద వచ్చి ఉంటే, అడ్వాన్సు కాంట్రాక్టు మీద సంతకం పెట్టేముందు ఇమిగ్రేషన్ లాయరును అడగండి.