ఒకే రోజు రెండు టర్న్‌లు (వెళ్లి అదే రోజు తిరిగొచ్చే ట్రిప్పులు): మధ్యలో ఖాళీ ఉన్నా సిస్టమ్ ఇల్లీగల్ అంటోంది, ఎందుకు?

కిటికీసీటు:
అందరికీ నమస్తే. డల్లాస్ బేస్‌లో ఫ్లైట్ అటెండెంట్‌ని, ఈమధ్యే రిజర్వ్ (పిలిస్తే వెళ్లే స్టాండ్‌బై) నుంచి లైన్‌కి (ముందే ఖాయమైన షెడ్యూల్‌కి) వచ్చాను. ఇల్లేమో హ్యూస్టన్‌లో, పాప చిన్నది. అందుకే డల్లాస్ వచ్చిన రోజునే కుదిరినన్ని గంటలు ఎగిరేసి, మిగతా రోజులు ఇంట్లో ఉందామని చూస్తున్నా. వచ్చే శుక్రవారం పొద్దున 5:15 రిపోర్ట్‌తో డెన్వర్ టర్న్ ఉంది, 11:15కి రిలీజ్. మధ్యాహ్నం 2:30 రిపోర్ట్‌తో అట్లాంటా టర్న్ ఓపెన్‌లో (ఎవరికీ కేటాయించని ట్రిప్పుల లిస్టులో) కనిపిస్తే పికప్ కొట్టాను, అంటే నాకు కావాలని అడిగాను, అది రాత్రి 9:05కి అయిపోతుంది. సిస్టమ్ ఇల్లీగల్ అని తిప్పికొట్టింది. రెండూ కలిపినా గాల్లో ఉండేది ఎనిమిదిన్నర గంటలే, పైగా మధ్యలో మూడు గంటలు ఖాళీ. పైలట్లకి ఉన్నట్టు మనకీ ఫ్లయింగ్ అవర్స్ లిమిట్ ఉందా, లేక రోజుకి ఒక ట్రిప్పే అని ఎక్కడైనా రాసుందా?

గ్యాలీఅక్క:
రెండూ కాదమ్మా. ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) రూల్ 121.467 తీసి చూడు, అందులో మనకి ఫ్లయింగ్ అవర్స్ లిమిట్ లేదు, రోజుకి ఇన్ని ట్రిప్పులని కూడా లేదు. అది చూసేది డ్యూటీ పీరియడ్ ఒక్కటే: రిపోర్ట్ చేసిన దగ్గర్నుంచి పూర్తిగా వదిలేసే దాకా. మామూలుగా 14 గంటలు, ఆ తర్వాత వరుసగా 10 గంటల రెస్ట్. నువ్వు ఖాళీ అనుకుంటున్న ఆ మూడు గంటలు రూల్ లెక్కలో రెస్ట్ కాదు. మధ్యలో పది గంటల రెస్ట్ పడకపోతే రెండు ట్రిప్పులూ కలిసి ఒకటే డ్యూటీ, గడియారం 5:15 నుంచి తిరుగుతూనే ఉంటుంది. 5:15 నుంచి 9:05 అంటే 15 గంటల 50 నిమిషాలు. నువ్వు ఆ గ్యాప్‌లో క్రాష్‌ప్యాడ్‌కి (క్రూ కలిసి అద్దెకి తీసుకునే గదికి) వెళ్లి హాయిగా పడుకున్నా లెక్క మారదు. తారీఖుతో కూడా పని లేదు, అర్ధరాత్రి దాటగానే కొత్త రోజు కదా అని చాలామంది కొత్తవాళ్లు పొరబడతారు.

రెడ్‌ఐ_రాజు:
అక్క చెప్పింది కరెక్టే గానీ 14 దాటకూడదని కాదు, దాటాలంటే మనుషుల్ని పెంచాలి. 14 నుంచి 16 దాకా అయితే ఆ విమానానికి ఉండాల్సిన కనీస క్రూ కంటే ఒకరు ఎక్కువ, 18 దాకా ఇద్దరు. కనీస క్రూ అంటే సుమారుగా 50 సీట్లకి ఒకరు, 172 సీట్ల విమానానికి నలుగురు. ఐదో మనిషిని నీ పికప్ కోసం కంపెనీ ఎక్కిస్తుందా? కలలో మాట.

పైలట్ల సంగతి పూర్తిగా వేరు. వాళ్లకి ఎఫ్‌ఏఏ రూల్స్‌లో పార్ట్ 117, ఎన్ని లెగ్స్ (ఒక టేకాఫ్, ఒక ల్యాండింగ్ కలిపి ఒక లెగ్) అన్నది కూడా లెక్కే. పొద్దున 7 తర్వాత మొదలుపెట్టి ఒకటో రెండో లెగ్స్ ఎగిరితే 14 గంటలు, ఏడు లెగ్స్ అయితే పదకొండున్నరకి దిగిపోతుంది. మనం మాత్రం రెండు లెగ్స్ చేసినా ఆరు చేసినా అదే 14. ఆరుసార్లు బోర్డింగ్, ఆరుసార్లు బ్యాగులు పైకి తోయడం, ఆరుసార్లు చెత్త ఏరడం. నడుము ఎవరిది పోతుందో రూల్ రాసినవాళ్లకి పట్టలేదు.

కిటికీసీటు:
థాంక్యూ అక్కా, రాజుగారూ. ఇప్పుడర్థమైంది. ఆస్టిన్ టర్న్ ఒకటి కనిపిస్తోంది, 2:00 రిపోర్ట్, 6:30 రిలీజ్. మొత్తం 13:15 అవుతుంది, ఇది సిస్టమ్ తీసుకుంది. కానీ సాయంత్రం ఉరుములు పడి లేటైతే? శనివారం పొద్దున 5:30కి ఇంకోటి ఉంది, అదే టెన్షన్.

గ్యాలీఅక్క:
14 అన్నది షెడ్యూల్‌కి. వాతావరణం లాంటివి, కంపెనీ చేతిలో లేనివి అడ్డొచ్చి లేటైతే, ఫ్లైట్ మామూలుగా ఆ లోపల ముగిసేదే అయితే, ఎఫ్‌ఏఏ దాన్ని తప్పు పట్టదు. కాబట్టి 13:15 దగ్గర పెట్టుకుంటే, ఆస్టిన్‌లో గేట్ దగ్గర రాత్రి ఎనిమిదింటికి కూడా నువ్వు కూర్చుని ఉండొచ్చు, సిద్ధపడే పికప్ చెయ్యి. మీ యూనియన్ కాంట్రాక్ట్‌లో డ్యూటీ డే ఎంతో విడిగా చూడు, ఎఫ్‌ఏఏ ఒప్పుకున్నా కాంట్రాక్ట్ ఒప్పుకోని సందర్భాలు ఉంటాయి. లేటైనప్పుడు క్రూ మెంబర్ ఎంతవరకు ఉండాలి, ఎప్పుడు దిగిపోవచ్చు అన్నదీ అందులోనే దొరుకుతుంది.

శనివారం గురించి భయపడకు. పది గంటలు లెక్కపెట్టేది కాగితం మీద ఉన్న 6:30 నుంచి కాదు, నిజంగా వదిలిన టైమ్ నుంచి. 2022 నవంబర్ ముందు ఇది 9, దాన్ని 8కి కూడా తగ్గించేవాళ్లు. ఇప్పుడు ఈ పదిలో నిమిషం కూడా కొయ్యకూడదు. రాత్రి 8:10కి రిలీజ్ అయితే పొద్దున 6:10 లోపల నిన్ను పిలవడానికి లేదు, షెడ్యూలింగే ఆ ట్రిప్ జరపాలి లేదా తీసెయ్యాలి. తీసేస్తే డబ్బులు వస్తాయా రావా అన్నది మాత్రం ముందే కనుక్కో, నువ్వు పికప్ చేసిన దానివల్లే ట్రిప్ పోయిందని పే ప్రొటెక్షన్ ఇవ్వని చోట్లు ఉన్నాయి.

రెడ్‌ఐ_రాజు:
ఆ పది గంటల్లోనే క్రాష్‌ప్యాడ్‌కి వెళ్లడం, తినడం, స్నానం, మళ్లీ ఎయిర్‌పోర్ట్‌కి రావడం అన్నీ. నిద్రకి ఆరు మిగిలితే గొప్ప. నేనైతే ఆస్టిన్ ఉంచుకుని శనివారంది మధ్యాహ్నం ట్రిప్‌తో ట్రేడ్ చేస్తా. ఇంకోటి, వరుసగా పికప్‌లు కొట్టేముందు ఏ ఏడు రోజులు తీసుకున్నా ఒక 24 గంటలు పూర్తిగా ఖాళీ ఉందో లేదో చూసుకో.

కిటికీసీటు:
ట్రేడ్ బోర్డ్‌లో శనివారంది పెట్టేశాను. పే సంగతి రేపు మా యూనియన్ రెప్‌ని అడుగుతా.