4.45 అలారం ఉంచాలా, తీసేయాలా?

ప్రశ్న: ఇద్దరు పిల్లల అమ్మ

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

నాకు 38 ఏళ్లు. అకౌంట్స్ ఉద్యోగం, పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర దాకా కుర్చీలోనే. పెద్దదానికి తొమ్మిదేళ్లు, చిన్నవాడికి నాలుగు. ఏడు నెలల కిందట రక్తపరీక్షలో షుగర్ బోర్డర్‌లో ఉందని వచ్చింది. మా అమ్మకి షుగర్. ఆవిడ కాలి పుండుకి నెలల తరబడి కట్టు కట్టింది నేనే. అందుకే ఆ రిపోర్టు చూసిన రాత్రే 4.45కి అలారం పెట్టాను. వారానికి ఐదు రోజులు, 35 నిమిషాలు పరుగు, 25 నిమిషాలు డంబెల్స్. ఇన్ని నెలల్లో మానింది జ్వరం వచ్చిన నాలుగు రోజులే.

పడుకునేది మాత్రం పదకొండున్నరకి. చిన్నవాడు నిద్రపోయేసరికి తొమ్మిదిన్నర. తర్వాత గిన్నెలు, మర్నాటికి బట్టలు, పుస్తకాల సంచులు. అన్నీ అయ్యేసరికి పదిన్నర. అక్కడి నుంచి ఒక గంట నాది. మా ఆయనా నేనూ కూర్చుని మాట్లాడుకునేది అప్పుడే. అదీ ఇచ్చేస్తే రోజు మొత్తంలో నాకంటూ ఏమీ మిగలదు. కాబట్టి దయచేసి "త్వరగా పడుకోండి" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి.

పోయిన మంగళవారం షూ వేసుకుందామని గుమ్మం ముందు మెట్టు మీద కూర్చున్నాను. కుడికాలి లేసు కట్టాను. ఎడమకాలి లేసు కొసలు రెండూ చేతిలోకి తీసుకున్నాను. ఆ తర్వాత గుర్తున్నది మా అమ్మాయి నా భుజం కుదపడమే. ఆరున్నరయింది. లేసు ఇంకా నా వేళ్ల మధ్యే ఉంది, మెడ పక్కకి పట్టేసింది. "ఎన్నిసార్లు పిలిచినా పలకలేదమ్మా" అంటూ ఏడుపు మొహం పెట్టింది. దాని మొహం చూశాక ఆ రోజంతా నా మనసు మనసులో లేదు.

ఆఫీసులో ఈ నెల ఒకే ఇన్‌వాయిస్‌ని రెండుసార్లు ఎంట్రీ చేయడం ఇది మూడోసారి. సాయంత్రం ఇంటికి రాగానే పిల్లల మీద ఊరికే అరుస్తున్నాను. ఎడమ కాలి ముందు ఎముక మూడు వారాలుగా నొప్పి.

రాత్రికి ఐదుంబావు గంటల నిద్ర అన్నమాట. వ్యాయామం వదిలేస్తే షుగర్ భయం, పట్టుకుంటే ఇలా. ఏది వదులుకోవాలి?

జవాబు 1: ఐదింటి పరుగు

మానకండి. నేనూ ఐదింటికే పరుగెత్తుతాను, ఆరేళ్లయింది. మొదట్లో ఇలాగే తూగుతాం, తర్వాత ఒళ్లు అలవాటు పడుతుంది. అలారం ఒకసారి తీసేస్తే మళ్లీ పెట్టుకోవడం చాలా కష్టం. నాకు ఆపరేషన్ అయ్యాక తిరిగి మొదలుపెట్టడానికి ఎనిమిది నెలలు పట్టింది. అయితే ఒక విషయం దాచకూడదు. నేను తొమ్మిదింబావుకే పడుకుంటాను. పిల్లలు పెద్దవాళ్లయిపోయారు కాబట్టి నాకు కుదురుతోంది.

జవాబు 2: షిఫ్టుల నర్సు

పైన రాసినవారి పట్టుదలకి నమస్కారం. కానీ "ఒళ్లు అలవాటు పడుతుంది" అన్న మాట మాత్రం నేను ఒప్పుకోలేను. పదకొండేళ్లు నైట్ డ్యూటీలు చేశాను. అలవాటైపోయిందనే అనుకున్నాను. ఒక రాత్రి మందు డోసు రెండుసార్లు సరిచూసుకుని, రెండుసార్లూ తప్పే చదివాను. పక్కనున్న సిస్టర్ చూసి ఆపింది. ఇప్పటికీ తలుచుకుంటే చేతులు చల్లబడతాయి. నిద్ర గురించి చదవడం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

2003లో అమెరికాలో ఒక పరిశోధన వచ్చింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లని రెండు వారాల పాటు కొందరిని నాలుగు గంటలు, కొందరిని ఆరు, కొందరిని ఎనిమిది గంటలు మాత్రమే పడుకోనిచ్చారు. పద్నాలుగో రోజుకి ఆరు గంటలవాళ్లు కూడా చురుకుదనం పరీక్షల్లో ఒక రాత్రంతా మేలుకున్నవాళ్లలా తడబడ్డారు. నిద్ర వస్తోందా అని అడిగితే మాత్రం పెద్దగా లేదన్నారు. అంటే మనం ఎంత దెబ్బతిన్నామో మనకే తెలియదు. మీ ఇన్‌వాయిస్‌లు, నా మందు డోసు, రెండూ అదే బాపతు.

ఇక షుగర్. మీరు ఏ భయంతో నిద్ర తగ్గించారో, నిద్ర తగ్గడం ఆ భయాన్నే పెంచుతుంది. 1999లో షికాగో యూనివర్సిటీవాళ్లు 11 మంది కుర్రవాళ్లని ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి పరీక్షిస్తే, రక్తంలో గ్లూకోజ్‌ని సర్దుకునే శక్తి బాగా తగ్గిపోయింది. చిన్న పరిశోధనే, మీరు పడుకునేది అంతకన్నా ఎక్కువే. కానీ తర్వాత వచ్చిన పరిశోధనలు కూడా చాలావరకు ఆ వైపే చూపించాయి.

లెక్క చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మామూలు వ్యాయామం, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి వ్యాయామం, దాంతోపాటు కండరాలకి పని చెప్పేది రెండు రోజులు. పరుగు గట్టి వ్యాయామం కిందకే వస్తుంది, మీ పరుగు ఒక్కటే వారానికి 175 నిమిషాలు! డంబెల్స్ ఐదు రోజులు! నిద్రకి మాత్రం కనీసం ఏడు గంటలు కావాలంటే ఐదుంబావు దగ్గర ఆగిపోయారు. మీరు వదులుకోవాల్సింది వ్యాయామాన్ని కాదండీ, అందులో అదనంగా ఉన్నదాన్ని.

ఇంకో మాట. ఒకేసారి కనీసం పది నిమిషాలు చేస్తేనే లెక్క అనే పాత నియమాన్ని కూడా 2020లో తీసేశారు. మధ్యాహ్నం తిన్నాక పావుగంట నడిచినా లెక్కే. మీకైతే అది ఇంకా మంచిది. నడిచేటప్పుడు కాళ్ల కండరాలు ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే గ్లూకోజ్‌ని లాక్కుంటాయి. తిన్న తర్వాత షుగర్ పైకెక్కే సమయంలోనే ఆ పని జరుగుతుంది.

మీ గంట జోలికి నేను రాను. కానీ ఆ కబుర్లు కూర్చునే చెప్పుకోవాలా? మీ ఆయనా మీరూ నడుస్తూ చెప్పుకోకూడదా? పిల్లల దగ్గర ఎవరూ లేకపోతే ఇంటి ముందే అటూ ఇటూ.

జవాబు 3: సాయంత్రం డంబెల్స్

నర్సు గారు అన్నీ చెప్పేశారు, రెండు విషయాలు కలుపుతాను. సాయంత్రం వ్యాయామం చేస్తే నిద్ర పట్టదని చాలామంది భయపెడతారు. చాలామందికి అలా ఏమీ కాదు. ఆయాసం వచ్చేంత గట్టిగా చేసి, గంటలోపే పడుకోబోతేనే ఇబ్బంది. మా వాడు హోంవర్క్ చేస్తుంటే నేను పక్కనే ఇరవై నిమిషాలు డంబెల్స్ చేస్తాను. ఎక్కాలు అప్పచెబుతూ నా స్క్వాట్స్ వాడే లెక్కపెడతాడు. బట్టలు మార్చుకోవడం, బయటికి వెళ్లడం లాంటివేమీ లేవు కాబట్టి ఇరవై అంటే ఇరవై నిమిషాలే.

రెండోది, పరుగు ఉన్న రోజు 4.45, లేని రోజు 6.30 అని మాత్రం పెట్టుకోకండి. నేను ఏడాది పాటు అలా చేసి చెడిపోయాను. లోపలి గడియారానికి రోజూ ఒకే వేళకి లేవడమే కావాలి. మధ్యాహ్నం మూడు తర్వాత కాఫీ తాగే అలవాటుంటే అదీ చూసుకోండి. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది.

కాలి ఎముక మీద వేలితో నొక్కితే ఒకే చోట చురుక్కుమంటోందా? అలా ఉంటే పరుగు వెంటనే ఆపి డాక్టర్‌కి చూపించండి. ఎముకలో సన్నని చీలిక కావచ్చు.

ఇద్దరు పిల్లల అమ్మ (ఐదు వారాల తర్వాత)

అందరికీ థాంక్స్. రాస్తానని రాయలేదు, క్షమించండి.

ముందు కాలు. చూపించాను. చీలిక లేదు, ఎముక మీది పొర వాచిందన్నారు. నాలుగు వారాలు పరుగు వద్దన్నారు. నిజం చెప్పాలంటే నాతో 4.45 అలారం తీయించింది ఆ మాటే. నా అంతట నేనైతే ఇంకో నెల లాగేదాన్ని.

ఇప్పుడు రోజూ 6.10కి లేస్తున్నాను. పదకొండుకల్లా పడుకుంటున్నాను. ఆ అరగంట ఎక్కడి నుంచి వచ్చిందంటే, పుస్తకాల సంచులు పిల్లలే సాయంత్రం సర్దుకుంటున్నారు, గిన్నెలు మా ఆయన తీసుకున్నారు. ఇన్నేళ్లూ నేను అడగలేదు, ఆయనకి తట్టలేదు. డంబెల్స్ బుధ, ఆదివారాలు, సాయంత్రం. మధ్యాహ్నం తిన్నాక ఆఫీసు చుట్టూ పావుగంట. రాత్రి పిల్లలు పడుకున్నాక ఇంటి ముందు మేమిద్దరం ఇరవై నిమిషాలు. తలుపు తీసే ఉంచుతాం, చిన్నవాడు కదిలితే వినపడుతుంది. మొదటి రెండు రోజులు ఏం మాట్లాడుకోవాలో తోచలేదు, ఎదురెదురుగా కూర్చోవడం అలవాటు కదా. ఇప్పుడు ఆయనే ముందు చెప్పులేసుకుని నిలబడుతున్నారు.

మొదటి వారం ఏడు గంటలు పడుకున్నా తల దిమ్ముగానే ఉంది. ఇదేంటి, ఏమీ మారలేదే అనుకున్నాను. మూడో వారంలో ఒక రోజు అలారం కన్నా ముందే మెలకువ వచ్చింది. ఈ నెల ఎంట్రీలు మూడుసార్లు సరిచూశాను, ఒక్క డబుల్ కూడా లేదు.

అన్నీ కుదిరాయని కాదు. చిన్నవాడు రాత్రి రెండింటికి లేచిన రోజు లెక్కంతా తప్పుతోంది. అలాంటి రోజు సాయంత్రం డంబెల్స్ ముట్టుకోవడం లేదు, నడక మాత్రం మానడం లేదు. పరుగు వచ్చే వారం నుంచి, శనివారం ఒక్కరోజే, 15 నిమిషాలతో మొదలుపెడతాను. మూడు నెలల సగటు షుగర్ పరీక్ష ఇంకో రెండు నెలలకి చేయించమన్నారు. రిపోర్టు రాగానే ఇక్కడే పెడతాను.